రుబెల్లా: ముప్పు కడుపులో బిడ్డకు, కాపలా చుట్టూ ఉన్నవారిది

క్లుప్తంగా: గర్భం తొలి 12 వారాల్లో తల్లికి రుబెల్లా సోకితే బిడ్డ చూపు, వినికిడి, గుండె దెబ్బతినే అవకాశం చాలా ఎక్కువ. సోకాక చేయగల చికిత్స లేదు. గర్భంతో ఉండగా టీకా వేయరు. కాబట్టి రక్షణ ఏదైనా గర్భానికి ముందే సమకూరాలి. తెలుగు రాష్ట్రాల్లో 2017లో ఎంఆర్ (తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపి వేసే) టీకా అందుకున్న ఆడపిల్లల్లో పెద్దవాళ్లు తల్లులయ్యే వయసుకు వచ్చారు. వాళ్లకంటే ముందు పుట్టిన మహిళల్లో చాలామందికి తమకు రక్షణ ఉందో లేదో తెలియదు.

ఒంటి మీద సన్నటి ఎర్ర దద్దుర్లు, కాస్త జ్వరం, చెవుల వెనక బిళ్లలు. మూడు రోజులకు అన్నీ తగ్గిపోతాయి. పిల్లలకు రుబెల్లా వస్తే సాధారణంగా ఇంతే. ఊళ్లలో దీన్ని కూడా తట్టు కిందే జమకట్టి, వేపమండలు పెట్టి, తగ్గాక తలస్నానం చేయించి మర్చిపోతారు. సోకినవారిలో పావు వంతు నుంచి సగం మందికి అసలు దద్దుర్లే కనబడవు. పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, కొన్నాళ్లు కీళ్ల నొప్పులు ఉంటాయి. అవీ పోతాయి.

ఇంత తేలికపాటి జబ్బు కోసం దేశమంతటా దాదాపు 41 కోట్ల మంది పిల్లలకు సూది వేయడమెందుకని 2017లో చాలామంది తల్లిదండ్రులు అడిగారు. గర్భిణులకు ప్రమాదం అంటున్నారు కదా, మరి మగపిల్లలకెందుకు అన్నది దాని వెంటే వచ్చిన ప్రశ్న. ఎంఆర్ టీకాలో తట్టు భాగం వేసుకున్న పిల్లవాడి ప్రాణాన్నే కాపాడుతుంది. రుబెల్లా భాగం వేరే. దాని వల్ల ఎక్కువ లాభం పొందేది ఇంకా పుట్టని బిడ్డ. ఆ సంగతి తెలియడానికి వైద్యులకే చాలా కాలం పట్టింది.

## సిడ్నీలో ఒక కంటి డాక్టర్

1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడి దగ్గరకు పుట్టుకతోనే కంట్లో శుక్లాలున్న పసిబిడ్డలు వరసగా రావడం మొదలైంది. పసివాళ్లలో శుక్లం అరుదు. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ఇంతమందికి రావడం మరీ అరుదు. ఆరా తీస్తే ఆ తల్లుల్లో చాలామందికి కడుపుతో ఉన్న తొలి నెలల్లో దద్దుర్ల జ్వరం వచ్చిందని తేలింది. అంతకు ముందు ఏడాది ఆ దేశంలో రుబెల్లా పెద్దఎత్తున వ్యాపించింది. గ్రెగ్ తోటి వైద్యుల నుంచి కూడా వివరాలు సేకరించాడు. మొత్తం 78 మంది బిడ్డల్లో 68 మంది తల్లులకు గర్భంలో రుబెల్లా వచ్చిన చరిత్ర ఉంది.

తల్లికి వచ్చిన ఒక వైరస్ జబ్బు బిడ్డ అవయవాలను దెబ్బతీస్తుందన్న మాట అప్పటికి కొత్త. మొదట్లో కొందరు వైద్యులు నమ్మలేదు కూడా. అవయవ లోపాలన్నీ వంశం నుంచే వస్తాయన్న అభిప్రాయం అంత బలంగా ఉండేది. తర్వాత మరికొన్ని చోట్ల లెక్కలు తీశాక సందేహం పోయింది. శుక్లంతో పాటు చెవుడు, గుండె లోపం కూడా అదే పిల్లల్లో ఉన్నట్టు బయటపడింది. ఈ మూడు కలిసిన స్థితినే ఇప్పుడు కంజెనిటల్ రుబెల్లా సిండ్రోమ్, పొట్టిగా సీఆర్‌ఎస్, అంటున్నారు.

దీని విస్తృతి 1964-65లో అమెరికాకు అర్థమైంది. అక్కడ కోటీ 25 లక్షల మందికి రుబెల్లా సోకిందని, సుమారు 20 వేల మంది బిడ్డలు సీఆర్‌ఎస్‌తో పుట్టారని అంచనా. 11 వేల దాకా గర్భాలు నిలవలేదు. ఆ దెబ్బతో టీకా పరిశోధన వేగం పుంజుకుని, 1969లో తొలి టీకాకు అనుమతి వచ్చింది. నేడు ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడేది అదే కాలంలో స్టాన్లీ ప్లాట్కిన్ తయారు చేసిన ఆర్‌ఏ 27/3 రకం.

## కడుపులో ఏం జరుగుతుంది

రుబెల్లా మనిషి నుంచి మనిషికే సోకుతుంది, దగ్గు, తుమ్ము తుంపరల ద్వారా. సోకిన రెండు, మూడు వారాలకు దద్దుర్లు వస్తాయి. కానీ దద్దుర్లకు వారం ముందు నుంచీ, వచ్చిన వారం తర్వాత దాకా ఆ మనిషి ఇతరులకు అంటించగలడు. జబ్బు మనిషిని చూసి జాగ్రత్త పడదామంటే కుదరనిది ఇందుకే.

గర్భిణికి సోకితే వైరస్ రక్తంలోకి చేరి, మాయ గుండా బిడ్డకు వెళ్తుంది. అక్కడ అది కణాలను మూకుమ్మడిగా చంపదు. కణాలు రెండుగా చీలి పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది, సన్నటి రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తుంది. పెద్దవారి శరీరంలో అయితే ఇది లెక్కలోకి రాని నష్టం. గర్భం తొలి రెండు మూడు నెలల్లో మాత్రం కంటి కటకం, లోపలి చెవి, గుండె గదులు, మెదడు అన్నీ ఒక్కసారే రూపు దిద్దుకుంటుంటాయి. ఆ సమయంలో కణాల లెక్క తగ్గితే అవయవం చిన్నదిగానో అసంపూర్ణంగానో తయారవుతుంది. కటకం మసకబారుతుంది. పుట్టగానే మూసుకోవలసిన గుండె దగ్గరి నాళం తెరిచే ఉండిపోతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే భాగం దెబ్బతింటుంది.

బిడ్డకు సొంత రోగనిరోధక శక్తి అప్పటికి ఉండదు. తల్లి నుంచి యాంటీబాడీలు చెప్పుకోదగ్గ మోతాదులో అందడం నాలుగో నెల తర్వాతే మొదలవుతుంది. అందువల్ల వైరస్‌కు అడ్డు చెప్పేది ఏదీ ఉండదు. అది నెలల తరబడి బిడ్డలోనే ఉండిపోతుంది. సీఆర్‌ఎస్‌తో పుట్టిన బిడ్డ గొంతు స్రావాల్లో, మూత్రంలో ఏడాది దాకా కూడా వైరస్ కనబడవచ్చు. ఆ బిడ్డను ఎత్తుకునే బంధువుల్లో, ఆసుపత్రి నర్సుల్లో ఎవరైనా గర్భిణులు ఉంటే వారికీ ముప్పే.

## ఏ వారంలో ఎంత ప్రమాదం

ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకునేది 1982లో బ్రిటన్‌లో ప్రచురితమైన అధ్యయనం. రుబెల్లా నిర్ధారణ అయిన వెయ్యికి పైగా గర్భిణులను అందులో గమనించారు. తొలి 12 వారాల్లో దద్దుర్లతో రుబెల్లా వచ్చినవారిలో 80 శాతానికి పైగా బిడ్డలకు అది చేరింది. 11వ వారానికి ముందు సోకిన బిడ్డలందరిలో ఏదో ఒక లోపం కనిపించింది. 13 నుంచి 16 వారాల మధ్య సోకినవారిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మందికి చెవుడు వచ్చింది. 16 వారాల తర్వాత లోపాలు కనబడలేదు.

చాలామందిని తికమక పెట్టే తేడా ఒకటి ఈ లెక్కల్లో ఉంది. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో తల్లికి రుబెల్లా వచ్చినా వైరస్ బిడ్డకు చేరవచ్చు. కానీ అప్పటికి అవయవాలు ఏర్పడిపోయి ఉంటాయి కాబట్టి పుట్టుక లోపాలు రావు. సోకడం వేరు, చెడడం వేరు.

నెల తప్పిందని అనుమానం వచ్చి పరీక్ష చేయించుకునేసరికి ఐదో వారమో ఆరో వారమో నడుస్తుంటుంది. ఆశ కార్యకర్త దగ్గర పేరు నమోదై, తొలి చెకప్ అయ్యేసరికి ఇంకొన్ని వారాలు గడుస్తాయి. అత్యంత ప్రమాదకరమైన రోజుల్లో సగం అప్పటికే అయిపోయి ఉంటాయి. ఎంత మంచి ఆసుపత్రి అయినా, గర్భం వచ్చాక మొదలుపెట్టే జాగ్రత్త ఇక్కడ ఆలస్యమే.

సీఆర్‌ఎస్ లోపాల్లో ఎక్కువగా కనిపించేది చెవుడు. అది ఒక్కటే ఉంటే పుట్టిన రోజున ఎవరూ గుర్తుపట్టరు. రెండో ఏడు దాటినా మాటలు రాకపోతే అప్పుడు డాక్టర్ దగ్గరకు వెళ్తారు. రెండున్నరేళ్ల కిందట తల్లికి వచ్చిపోయిన దద్దుర్లు ఎవరికి గుర్తుంటాయి? తెలుగు ఇళ్లలో అలాంటి బిడ్డను చూసి మొదట అడిగేది మేనరికమా అని. దగ్గరి సంబంధాల వల్ల వచ్చే చెవుడు నిజంగానే ఉంది కాబట్టి ఆ ప్రశ్న తప్పు కాదు. అయితే జవాబు అవునని వస్తే అక్కడితో ఆరా ఆగిపోతుంది. కారణాల లెక్కలో రుబెల్లా వాటా తక్కువగా కనబడటానికి ఇదీ ఒక దారి.

## టీకా సగం మందికే వేస్తే

రుబెల్లా టీకాకు ఒక విచిత్రమైన లక్షణం ఉంది. తక్కువ మందికి వేస్తే అసలు వేయకపోవడం కంటే ఎక్కువ నష్టం జరగవచ్చు.

టీకా లేని ఊళ్లో రుబెల్లా చిన్నతనంలోనే ఎక్కువ మందికి వచ్చిపోతుంది. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం రక్షణ ఉంటుంది. పెళ్లీడుకు వచ్చేసరికి ఆడపిల్లల్లో అధికులకు ఆ రక్షణ ఉంటుంది. ఇప్పుడు ఆ ఊళ్లో 40 శాతం పిల్లలకు టీకా వేశారనుకుందాం. వైరస్ పోదు, కానీ తిరగడం తగ్గుతుంది. టీకా పడని మిగతా పిల్లలు దాన్ని చిన్నప్పుడు తప్పించుకుని, ఇరవై ఏళ్లకో పాతికేళ్లకో పట్టుబడతారు. మొత్తం రుబెల్లా కేసులు తగ్గుతాయి, గర్భిణుల్లో మాత్రం పెరుగుతాయి.

గ్రీసులో జరిగింది ఇదే. 1975 నుంచి అక్కడ ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటి) టీకా దొరికేది, కానీ చాలా ఏళ్లపాటు సగం మంది పిల్లలకు కూడా అందలేదు. 1993లో వచ్చిన రుబెల్లా తాకిడిలో యువతీ యువకులకే ఎక్కువగా సోకింది. 25 మంది బిడ్డలు సీఆర్‌ఎస్‌తో పుట్టారు. ఈ అనుభవం వల్లే, కనీసం 80 శాతం పిల్లలకు టీకా అందించగల దేశాలే రుబెల్లాను కార్యక్రమంలో చేర్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా ఏళ్లు షరతు పెట్టింది. భారత్ ఆలస్యం చేసిందన్న విమర్శను ఈ కోణంలోనూ చూడాలి. ఒకేసారి 15 ఏళ్ల లోపు వారందరికీ వేయాలన్న 2017 నిర్ణయం గ్రీసు చేసిన తప్పును తప్పించడానికే.

జపాన్ పొరపాటు ఇంకో రకం. గర్భం ధరించేది ఆడవాళ్లే కదా అని 1977 నుంచి హైస్కూలు వయసు ఆడపిల్లలకు మాత్రమే అక్కడ టీకా వేశారు. మగపిల్లలను వదిలేశారు. ఆ అబ్బాయిలు పెద్దవాళ్లై ఆఫీసుల్లో, రైళ్లలో వైరస్‌ను మోసే వరుసగా తయారయ్యారు. 2012-13లో వచ్చిన తాకిడిలో ఒక్క 2013లోనే 14 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఎక్కువ మంది ఇరవైల నుంచి నలభైల వయసు మగవాళ్లే. ఆ తాకిడి ఫలితంగా 45 మంది బిడ్డలు సీఆర్‌ఎస్‌తో పుట్టారు. 2018లో మళ్లీ కేసులు పెరిగితే, రక్షణ లేని గర్భిణులు జపాన్‌కు వెళ్లవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా ఇచ్చింది. చివరికి 1962 - 1979 మధ్య పుట్టిన మగవాళ్లను వెతికి వెతికి ఉచితంగా పరీక్ష, టీకా ఇవ్వాల్సి వచ్చింది.

మగపిల్లలకెందుకు అన్న ప్రశ్నకు జపాన్ లెక్కలు చాలు. గర్భిణికి రుబెల్లా తెచ్చేది భర్తో, బడి నుంచి వచ్చిన పెద్ద కొడుకో, ఆఫీసులో పక్క సీటు ఆయనో. టీకా వేసుకున్నా వందలో ఇద్దరు ముగ్గురికి అది పనిచేయదు. వారికి కాపలా చుట్టూ ఉన్నవారి రక్షణే. రెండు అమెరికా ఖండాలు ఆడా మగా తేడా లేకుండా, పెద్దవాళ్లకు కూడా వేసి, 2015లో రుబెల్లాను తమ గడ్డ మీద నిర్మూలించినట్టు ప్రకటించుకున్నాయి.

## 2017 ఆగస్టు అనే గీత

దేశంలో ఎంఆర్ కార్యక్రమం 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు, గోవా, పుదుచ్చేరి, లక్షద్వీప్‌లలో మొదలైంది. ఆ రోజుల్లో తమిళనాడులో వాట్సాప్ వదంతులు టీకా కంటే ముందు బడులకు చేరాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అదే ఏడాది ఆగస్టులో బడుల్లో, అంగన్‌వాడీల్లో వేశారు. తొమ్మిది నెలలు నిండినవారి నుంచి 15 ఏళ్ల లోపు వారి వరకు అందరికీ ఒక డోసు. ఆ తర్వాత ప్రభుత్వ టీకాల పట్టికలో రెండు డోసులుగా చేరింది: 9 - 12 నెలల మధ్య ఒకటి, 16 - 24 నెలల మధ్య రెండోది.

ఈ వయసు లెక్క ఒక గీత గీసింది. 2002 ఆగస్టు తర్వాత పుట్టిన అమ్మాయికి 2017లో బడిలో టీకా పడి ఉండే అవకాశం ఎక్కువ. అంతకు ముందు పుట్టిన అమ్మాయికి మూడు దారులే: చిన్నప్పుడు రుబెల్లా వచ్చి పోవడం, తల్లిదండ్రులు ప్రైవేటులో ఎంఎంఆర్ వేయించడం, లేదా రక్షణ లేకపోవడం. "చిన్నప్పుడు తట్టు టీకా వేశారు" అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ రోజుల్లో ప్రభుత్వం వేసింది తట్టు ఒక్కదానికే. అందులో రుబెల్లా లేదు.

2017లోనే దేశంలోని కొన్ని పెద్దాసుపత్రుల్లో గర్భిణుల రక్తం పరీక్షిస్తే సుమారు 83 శాతం మందికి రుబెల్లా రక్షణ ఉన్నట్టు తేలింది. అంటే ఆరుగురిలో ఒకరికి లేదు. ఆ రక్షణ ఎక్కువగా వైరస్ ఇచ్చినదే, టీకా ఇచ్చినది కాదు. ఇప్పుడు పిల్లల్లో వైరస్ తిరగడం తగ్గింది కనుక ఆ ఆరో మహిళకు ప్రమాదం కూడా తగ్గింది. కానీ ఆమె రక్షణ లేకుండానే ఉంది. ఏదైనా జిల్లాలో, బస్తీలో పిల్లల టీకాలు కుంటుపడితే మొదట ముప్పులో పడేది ఆమె. దేశంలో తట్టు, రుబెల్లా నిర్మూలనకు తొలుత 2020 గడువు అన్నారు, తర్వాత 2023, ఆపై 2026 అన్నారు. గడువు జరిగిన ప్రతిసారీ గీతకు అవతల ఉన్న మహిళలు ఇంకొన్నాళ్లు ఇతరుల టీకా మీద ఆధారపడి ఉండాలి.

వీరిలో ఒక వర్గానికి మాత్రం అనుకోకుండా మేలు జరిగింది. అమెరికా యూనివర్సిటీల్లో చేరాలంటే సాధారణంగా రెండు డోసుల ఎంఎంఆర్ చూపాలి కాబట్టి హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లే అమ్మాయిలు విమానం ఎక్కే ముందే అవి వేయించుకుంటారు. పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద వెళ్లినవారికి ఆ అవసరం రాదు. అక్కడ తొలి గర్భ పరీక్షలో "రుబెల్లా నాన్ ఇమ్యూన్" అని చూసి కంగారుపడి ఇంటికి ఫోన్ చేసేది ఎక్కువగా వీళ్లే. అది జబ్బు కాదు. రక్షణ లేదని మాత్రమే దాని అర్థం. కాన్పు అయ్యాక డిశ్చార్జికి ముందు అక్కడ టీకా వేసి పంపుతారు.

## టార్చ్ టెస్టు టెన్షన్

మన దగ్గర గందరగోళం దీనికి సరిగ్గా తలకిందులు. ఒకటి రెండు అబార్షన్లు కాగానే టార్చ్ టెస్టు, అంటే రుబెల్లా సహా బిడ్డకు హాని చేయగల కొన్ని ఇన్ఫెక్షన్ల రక్తపరీక్ష, రాస్తారు. రిపోర్టులో రుబెల్లా ఐజీజీ పాజిటివ్ అని వస్తుంది. పాజిటివ్ అన్న మాట చూసి ఇల్లంతా దిగులు పడుతుంది. మందులు కూడా మొదలవుతాయి కొన్నిచోట్ల.

ఐజీజీ పాజిటివ్ అంటే గతంలో ఎప్పుడో రుబెల్లా వచ్చిపోయింది, లేదా టీకా పడింది. అది శుభవార్త. ఆందోళన పడాల్సింది గర్భిణిలో ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు పుట్టే యాంటీబాడీ) పాజిటివ్ వచ్చినప్పుడు, అదీ వెంటనే కాదు. వేరే వైరస్‌ల వల్ల, కీళ్లవాతం వంటి జబ్బుల వల్ల, ఒక్కోసారి ఏ కారణం లేకుండా కూడా ఐజీఎం తప్పుగా పాజిటివ్ చూపుతుంది. దద్దుర్లు లేని, జబ్బు మనిషి దగ్గర మసలని గర్భిణిలో వచ్చిన ఐజీఎం పాజిటివ్‌ను నిర్ధారణగా తీసుకోరు. రెండు మూడు వారాల తేడాతో ఐజీజీ పరిమాణం పెరిగిందా చూస్తారు. యాంటీబాడీ వైరస్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసే అవిడిటీ పరీక్ష చేస్తే సోకింది ఇటీవలా పాతదా అన్నది చాలావరకు తేలుతుంది.

ఇక వరుస అబార్షన్లకు రుబెల్లా కారణం కావడం దాదాపు జరగని పని. ఒకసారి వచ్చిపోయాక రక్షణ వస్తుంది కాబట్టి, అదే జబ్బు ప్రతి గర్భాన్నీ పోగొట్టదు. ఆ ఖర్చుతో చేయించాల్సిన పరీక్ష వేరే ఉంది. గర్భం రాక ముందు ఒక్క ఐజీజీ పరీక్ష చేయిస్తే టీకా అవసరమో కాదో తెలుస్తుంది. పరీక్ష లేకుండా నేరుగా టీకా వేయించుకున్నా నష్టం లేదు. ముందే రక్షణ ఉన్నవారికి మరో డోసు పడితే హాని జరగదు.

## టీకా ఎప్పుడు, ఎప్పుడు కాదు

ఇది బలహీనపరచిన బతికున్న వైరస్‌తో చేసే టీకా. అందుకని గర్భిణులకు వేయరు. వేయించుకున్నాక ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. పాత సలహా మూడు నెలలు. ఇప్పుడు నెల చాలంటున్నారు. ఒక్క డోసుతోనే 95 శాతానికి పైగా మందికి రక్షణ వస్తుంది. రుబెల్లా టీకా విడిగా దొరకడం కష్టం కాబట్టి పెద్దవాళ్లకు ఎంఎంఆరే వేస్తారు.

గర్భం ఉందని తెలియక టీకా వేయించుకున్న మహిళలు ఎందరో ఉన్నారు. అమెరికాలో 1971 నుంచి 1989 దాకా అలాంటివారి వివరాలు నమోదు చేసి చూశారు. 300కు పైగా బిడ్డల్లో ఒక్కరిలోనూ సీఆర్‌ఎస్ కనబడలేదు. టీకా పడిందన్న ఒక్క కారణంతో అబార్షన్ చేయించుకోవాల్సిన పని లేదన్నది అంతర్జాతీయంగా ఒప్పుకున్న మాట. వేయకపోవడం ముందు జాగ్రత్త, వేసినంత మాత్రాన ప్రమాదం జరిగినట్టు కాదు.

రక్షణ లేని గర్భిణి దద్దుర్ల జ్వరం ఉన్నవారి దగ్గర మసలితే చేయగలిగింది తక్కువ. వీలైనంత త్వరగా రక్తపరీక్ష, మళ్లీ కొన్ని వారాలకు ఇంకోటి. ఇమ్యూనోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల సూది) ఇచ్చినా బిడ్డకు సోకకుండా ఆపుతుందన్న భరోసా లేదు. తొలి మూడు నెలల్లో సోకినట్టు గట్టిగా తేలితే గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది దంపతులు, ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డ వైద్యం) నిపుణులు కలిసి తేల్చుకోవాలి. 2021 సవరణ తర్వాత గర్భస్రావ చట్టం ప్రకారం, బిడ్డలో తీవ్ర లోపాలు ఉన్నట్టు మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాలు దాటినా అనుమతి ఉంటుంది.

మొదటి గర్భానికి ముందు వేయించుకోని వారికి టీకాకు అన్నింటికంటే అనువైన సమయం మాత్రం కాన్పు తర్వాతే. పాలిస్తున్న తల్లి నిశ్చింతగా వేయించుకోవచ్చు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు బిడ్డ టీకాల కోసం తల్లులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎలాగూ వస్తారు. ఎంఆర్ టీకా కూడా అక్కడే ఉంటుంది. గర్భం లేదని దాదాపు ఖాయంగా చెప్పగల మహిళ టీకా గది దాకా తనంత తానుగా నడిచి వచ్చేది అప్పుడే. మరో బిడ్డను కనే ఆలోచన ఉన్నవారికి దీన్ని మించిన అదను రాదు. అయినా ప్రభుత్వ పట్టికలో ఆ సీసా పిల్లలకే. 2002కు ముందు పుట్టిన తల్లి అడిగినా అక్కడ వేసే ఏర్పాటు లేదు. ఆమె ప్రైవేటులో డబ్బు పెట్టి ఎంఎంఆర్ కొనుక్కోవాల్సిందే.